పిలుపుకు బెదిరిన గుర్రం

కాంస్యపురం రాజాశ్వశాలకు యాభై ఆరు దేశాల్లోనూ పేరుంది. రాగిరేకు తొడిగిన మద్ది స్తంభాలు, నీళ్ళకు చలువరాతి తొట్లు, ఎండ తగిలితే కళ్ళు మిరుమిట్లు గొలిపే ఇత్తడి గొలుసులు, వరసకు నలభై చొప్పున పది వరసల గుర్రాలు. పాలనురుగు లాంటివి, జేగురు రంగువి, కాటుక నల్లనివి, నుదుట చుక్క ఉన్నవి, లేనివి. అంతటి శాలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఈగ వాలిన చప్పుడు కూడా ఉండేది కాదు. కాపరులు ప్రతి గుర్రానికీ రెండో పలుపు బిగించి, తలుపులు మూసి, చెవుల్లో దూది కుక్కుకుని గోడవారన చతికిలబడేవారు. పట్టపగలు, అంత వెలుతురులో, మీసాలున్న మగవాళ్ళు వందమంది అలా వణుకుతూ కూర్చోవడం చూస్తే కొత్తవాళ్ళకు నవ్వొచ్చేది. ఆ నవ్వు ఎంతోసేపు నిలిచేది కాదు.

పడమటి ప్రాకారం అవతల, తెల్లటి మంచు కప్పిన లోయ వైపు నుంచి ఒక గొంతు వచ్చేది.

"హో... హో నాయనా! దా... దా బంగారూ, దా!"

ఆ గొంతు పేరయ సాహిణిది. సాహిణి అంటే గుర్రాలకు నడక నేర్పే ఒజ్జ. ముప్పై ఏళ్ళుగా ఆ శాలలో పుట్టిన ప్రతి పిల్ల చెవిలోనూ మొదటి మాట అతనిదే. సరిహద్దు కావలివాళ్ళు ఒక్కొక్కరే మాయమవుతుంటే సంగతేమిటో చూసి వస్తానని అతను రాజుగారి పట్టపు గుర్రమెక్కి ఆ మూగలోయలోకి దిగాడు. నలభయ్యో రోజున గుర్రం ఒక్కటే తిరిగి వచ్చింది. మర్నాటి నుంచి ఆ గొంతు మొదలయింది. దాన్ని విని ఇప్పటికి పదకొండు గుర్రాలు పలుపులు తెంచుకుని, గోడ దూకి, మంచులో కలిసిపోయాయి.

"పేరయ ఆ మూగలోయ మాంత్రికుడు శుష్కజిహ్వుడి పంచన చేరాడు. ఉప్పు తిన్న ఇంటి గుర్రాలనే పిలుచుకుపోతున్నాడు" అని ఊరంతా ఒకటే మాట. పేరయ ఇల్లు తగలబెట్టారు. అతని కూతురు మైలమ కనబడితే చెరలో వేయమని రాజాజ్ఞ.

చెరలో వేయాల్సిన ఆ మైలమ, తలపాగా చుట్టి, మేకవెంట్రుకల మీసం అతికించుకుని, సముద్రం అవతలి నుంచి వచ్చిన అశ్వవైద్యుడు సింగన అనే పేరుతో, అదే శాల నడిముంగిట దర్జాగా నిలబడి ఉంది.

"ఓయీ సింగనా! నీకు ముందు ముగ్గురు వైద్యులు వచ్చారు" అన్నాడు అశ్వాధ్యక్షుడు కుప్పనార్యుడు. లావుపాటి మనిషి, గుర్రమెక్కి ఇరవై ఏళ్ళయింది. "ఒకడికి దవడ పగిలింది, ఒకడికి తొడ విరిగింది. మూడోవాడు చెప్పకుండా పారిపోయాడు. ఏడు రోజులు గడువు. ఏడో రోజు ఉదయం పట్టపు గుర్రం నెమ్మదించకపోతే దాని తల తీయించమని ప్రభువుల సెలవు."

"అవశ్యం" అన్నది మైలమ, గొంతు బొంగురు చేసి.

మూగలోయలోకి వెళ్ళి తిరిగి వచ్చిన ప్రాణి ఈ లోకంలో అదొక్కటే. అది చచ్చిందంటే తండ్రి దగ్గరకు దారి దానితోనే పోయినట్టు.

గుర్రం పేరు శాసనాల్లో భస్మాంగదుడు. శాలలో అందరికీ బూదిగాడు. ఒకప్పుడు అది నడిచి వస్తుంటే నివురు కప్పిన నిప్పు కదిలి వచ్చినట్టు ఉండేది. ఇప్పుడు పక్కటెముకలు లెక్క పెట్టవచ్చు. మూపు మీద జీను రాపిడికి పడిన పుండు రూపాయి బిళ్ళంత మొదలై అరచేయంత అయింది. ఈగలు ముసురుతున్నాయి. అన్నిటికన్నా చూడలేనివి దాని చెవులు. రాతిగోడకేసి రుద్ది రుద్ది రెండు చెవులూ తోలు లేచి నెత్తురు కక్కుతున్నాయి.

సాహిణుల ఇళ్ళలో పిల్లలకు ఓనమాలకన్నా ముందు నేర్పే మాట ఒకటుంది: ముందు మాట, తరువాత చెయ్యి. చప్పుడు చేయకుండా గుర్రం దగ్గరకు పోయేవాడికి డెక్క దెబ్బ రాసిపెట్టి ఉంటుంది. దూరం నుంచే పలకరించాలి, ముద్దుగా పిలవాలి, అది చెవి ఇటు తిప్పాక చెయ్యి వేయాలి. మైలమ కూడా ఆ గోడల మధ్యే పెరిగిన పిల్ల కదా, అలాగే చేసింది.

"హో బూదీ... హో నాయనా..."

ఆ మాట పూర్తి కాలేదు. గుర్రం పిడుగులా లేచింది. ముందుకాళ్ళు గాలిలో గిరగిరా తిప్పి, వెనకకాళ్ళతో తన్ని, తలుపు చెక్క రెండుగా చీల్చింది. మైలమ పక్కకు దొర్లకపోతే ఈ కథ ఇక్కడితో సరి. ఆమె లేచి దుమ్ము దులుపుకుంది. మర్నాడు బెల్లం ముక్క చేత పట్టుకుని ఇంకా మెత్తగా పిలిచింది. ఎంత మెత్తగా పిలిస్తే అంత గట్టిగా తన్నింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. దీని దగ్గర ఆ సామెత కూడా చెల్లలేదు" అంది వెనక నుంచి ఎవరో.

గుగ్గిళ్ళ అక్కమ్మ. నాలుగు వందల గుర్రాలకు ఉలవలు ఉడకబెట్టే ముసలమ్మ. మూతిమీద మసి, చేతిలో తెడ్డు, ఎవరికీ భయపడని నోరు.

"ఏం వైద్యమయ్యా మీది! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. చెవిపోటు చెవిపోటని ముగ్గురూ కలిసి దాని చెవుల్లో కడివెడు వేపనూనె పోశారు. అది చూడు, గోడకి ఇంకా ఎక్కువ రుద్దుతా ఉంది" అని తెడ్డు ఇంత పైకెత్తి, గొంతు తగ్గించింది. "ఎడంపక్క మీసం ఊడతా ఉంది, సర్దుకో. మీ అమ్మ పోయిన్నాడు నిన్ను ఈ గంప పక్కన పండబెట్టుకున్నదాన్ని. నాకు తెలవదనుకున్నావా, అమ్మీ?"

మైలమ బిక్కచచ్చిపోయి మీసం నొక్కుకుంది. జవాబు చెప్పేలోపు సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. కాపరులు దూది కోసం పరుగెత్తారు. అక్కమ్మ చెవులకు చెంగు చుట్టుకుని పొయ్యి పక్కన నక్కింది. మైలమ మాత్రం చెవులు మూసుకోలేదు.

"హో... హో నాయనా! దా బంగారూ..."

తన తండ్రి గొంతే. ఆ 'దా'లో చివర చిన్న జీర, అదీ ఉంది. లేనిది ఒక్కటే. తండ్రి పిలుస్తూ పిలుస్తూ మధ్యలో దగ్గేవాడు, ఊపిరి తీసుకునేవాడు. ఈ గొంతు ఊపిరి తీసుకోవడం లేదు. గోడ అవతల ఎండలో, నీడ కూడా లేని చోట, అలా ఆగకుండా పిలుస్తూనే ఉంది.

అప్పుడు ఆమె గుర్రాన్ని చూసింది. మిగతా గుర్రాలన్నీ పలుపులు లాగుతూ ప్రాకారం వైపు పోబోతుంటే బూదిగాడు ఒక్కడు దానికి దూరంగా, మూలకు ముడుచుకుని, నెత్తురోడే చెవిని రాతికేసి రుద్దుతున్నాడు. ఊడబెరుక్కుందామన్నట్టు రుద్దుతున్నాడు. గొంతు ఆగింది. రుద్దడమూ ఆగింది.

"చెవిపోటు కాదు అవ్వా!" అంది మైలమ. "వినబడక కాదు, వినలేక!"

ఆమెకు సంగతంతా తేటతెల్లమయింది. లోయలో మంచు మధ్య తండ్రి గొంతు ఎటునుంచో పిలిచి ఉంటుంది. ప్రేమగా, ముద్దుగా, దా నాయనా అని. ముప్పై ఏళ్ళ మాట కదా, గుర్రం నమ్మింది. వీపు మీద ఉన్న మనిషి కళ్ళేలు లాగుతున్నా వినకుండా గొంతు వైపు పరుగెత్తింది. యజమాని పిలుపు నమ్మి యజమానినే పోగొట్టుకుంది. మరి శాలలో వైద్యుడు, కాపరి, దళవాయి, వచ్చిన ప్రతివాడూ ముందు చేసే పని ఏమిటి? ముద్దుగా పిలవడం. పాపం, దానికి ఏ ముద్దుమాట విన్నా మళ్ళీ ఆ మంచే కనబడుతోంది.

మూడో రోజు పొద్దున మైలమ మూతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. సాహిణి పుట్టుక పుట్టినవాళ్ళు ఎవరూ చేయని పని చేసింది. పలకరించకుండా తలుపు తీసింది, గుర్రానికి వీపు చేసి నేల మీద కూర్చుంది. కొడవలితో పచ్చగడ్డి సన్నగా తరగసాగింది. కాపరులు నవ్వారు. ఒకడు పాడె సిద్ధం చేయమన్నాడు. గుర్రం మూల నుంచి కదలలేదు. ఆమె సాయంత్రం దాకా గడ్డి తరిగి, కుప్ప అక్కడే వదిలి లేచిపోయింది. మర్నాడు కుప్ప లేదు.

నాలుగో రోజు కూడా అంతే. వెనకనుంచి డెక్క ఒక్కటి కదిలిన చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ ఒక డెక్క. మైలమ చేతిలో కొడవలి ఆగబోయింది. ఆగితే గుర్రానికి తెలిసిపోతుందని తరుగుతూనే ఉంది. కాసేపటికి మెడ వెనక వేడి ఊపిరి తగిలింది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారాయి. చెయ్యి చాచలేదు. గుర్రం తలపాగా అంచును పెదవులతో అందుకుని, నమిలి, రుచి నచ్చక ఉమ్మేసింది.

ఐదో రోజు అది తనంతట తాను వచ్చి మూపు ఆమె భుజానికి ఆనించింది. ఆమె వేపాకు కాచిన నీళ్ళతో పుండు కడిగింది. పురుగులు ఒక్కొక్కటే తీసింది. పసుపు, నువ్వుల నూనె కలిపి పట్టించింది. చెవులకు వెన్న రాసింది. చెవి దగ్గరకు చెయ్యి పోగానే గుర్రం ఒళ్ళంతా అలలా వణికింది. ఆమె చెయ్యి తీయలేదు, కదపలేదు, వణుకు తగ్గేదాకా అలాగే ఉంచింది. మధ్యాహ్నం గొంతు వచ్చే వేళకు రెండు అరచేతులతో దాని రెండు చెవులూ మూసి పట్టుకుంది. ఆ పూట బూదిగాడు చెవులు గోడకేసి రుద్దలేదు.

"ఒరేయ్, ఇది వైద్యమా చేతబడా?" అని కాపరులు గుసగుసలాడారు. అక్కమ్మ ఒక బుట్ట గుగ్గిళ్ళు ఎక్కువ వేసింది.

ఆరో రోజు ఎండ కత్తిలా ఉంది. నడినెత్తి వేళ అయింది. మైలమ గుర్రం చెవులు మూయబోతోంది. గొంతు వచ్చింది.

"మైలమా!"

ఆమె చేతులు జారిపోయాయి.

"మైలమా, తల్లీ! దాహంగా ఉందే! ఒక్కసారి రావే!"

కూతురు ఎంత తెలివైనదైనా కూతురే. ఊపిరి లేని గొంతని తెలుసు, మాయని తెలుసు. అయినా కాళ్ళు వినలేదు. తలుపు దాటింది, ముంగిలి దాటింది, ప్రాకారపు మెట్లెక్కింది. గోడమీద నిలబడి చూస్తే కింద తెల్లటి మంచు, గిన్నెలో పాలు పోసినట్టు కదలకుండా ఉంది. అందులోంచి గొంతు "ఇంకొక్క అడుగు తల్లీ" అంటోంది. ఆమె అడుగు ఎత్తింది.

నడికట్టు పట్టుకుని ఎవరో వెనక్కు గుంజారు. ఆమె దభీమని వెల్లకిలా పడింది. కళ్ళు తెరిస్తే పైన బూదిగాడి ముఖం. నోట నడికట్టు, చెవులు వెనక్కి వాల్చి, ఒళ్ళంతా చెమట. ఏ గొంతు వింటే దాని ప్రాణాలు పోతాయో ఆ గొంతు మోగుతుండగా, చెవులు మూసేవాళ్ళు లేకుండా, మెట్లన్నీ ఎక్కి వచ్చింది. మైలమ దాని మెడ కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చప్పుడు లేకుండానే ఏడ్చింది.

ఏడో రోజు ఉదయం కుప్పనార్యుడు గండ్రగొడ్డలి వాళ్ళతో వచ్చాడు. గుర్రం పక్కన ప్రశాంతంగా నిలబడిన వైద్యుణ్ణి చూసి నిరాశపడ్డాడనే చెప్పాలి.

"నెమ్మదించిందా? అయితే నేను ఎక్కి చూస్తాను" అని మీసం దువ్వి, "హో నాయనా, దా బంగారూ" అన్నాడు.

చెప్పేదేముంది. అతను వెళ్ళి ఎరువు కుప్పలో పడ్డాడు. లేచేసరికి కోపం, పేడ రెండూ ముఖం నిండా ఉన్నాయి. ఆ పడడంలో అందిన మైలమ తలపాగా లాగాడేమో, మూతిగుడ్డ కిందికి జారి, మీసం సగం ఊడి వేలాడుతోంది.

"ఆడది! పేరయ కూతురు! పట్టుకోండి! గుర్రం తల నరకండి!"

మైలమ ఒక్క ఎగురున జీను లేని వీపు మీదకు ఎక్కింది. గొడ్డళ్ళవాళ్ళు ద్వారానికి అడ్డం వచ్చారు. అక్కమ్మ "అయ్యో నా ఖర్మ, చెయ్యి జారింది" అంటూ, సలసలా కాగే ఉలవకట్టు గంగాళం సరిగ్గా వాళ్ళ కాళ్ళ మధ్యకు తన్నింది. గంతులు, కేకలు. ఆ సందులో గుర్రం ద్వారబంధం పక్కన ఆగితే ముసలమ్మ మైలమ మూతిగుడ్డ పైకి లాగి రెండో ముడి బిగించింది.

"పెదవి దాటితే పృథివి దాటుద్దంటారు. మీ నాయన కావలోళ్ళని కేకేసి ఉంటాడు, ఆ కేకే పట్టుకున్నాడు ఆ మాంత్రికుడు. అక్కడ నోరు తెరవమాక. పో!"

బూదిగాడు పోయాడు. కోటగుమ్మం, వంతెన, చోళ్ళ చేలు, ముళ్ళకంచె, అన్నీ వెనక్కు పరుగెత్తాయి. మంచు అంచున మాత్రం ఆగాడు. మైలమ పిలవలేదు, అదిలించలేదు, మడమ కూడా తగిలించలేదు. మెడ మీద చెయ్యి ఉంచింది. గుర్రం ఒకసారి తల విదిలించి, లోపలికి అడుగు పెట్టింది.

మూగలోయ. అక్కడ డెక్కలు రాళ్ళమీద పడుతున్నాయి, చప్పుడు లేదు. కొండమీద నుంచి వాగు దూకుతోంది, చప్పుడు లేదు. కొమ్మమీద కాకి నోరు తెరిచి మూసి తెరిచి మూస్తోంది. ఆకుల్లేని చెట్లు వందలకొద్దీ. ప్రతి కొమ్మకూ ఎండు సొరకాయ బుర్రలు వేలాడుతున్నాయి. మాటలన్నీ వాటిలో ఉన్నాయి. ఒక బుర్ర జోలపాట పాడుతోంది. ఒకటి పెళ్ళాంతో కూరలో ఉప్పు గురించి తగవు పడుతోంది. ఒకటి "ఎవరక్కడ? ఎవరక్కడ?" అని కావలి కేక వేస్తోంది. ప్రతి బుర్ర కింద ఒక మనిషి కూర్చుని, తల పైకెత్తి, తన గొంతు తానే వింటున్నాడు. ఎవరికీ సంకెళ్ళు లేవు. తన గొంతును వదిలి ఎవరు పోగలరు?

అన్ని వైపుల నుంచీ పిలుపులు. గుర్రం చెవులు వణికాయి. కానీ ఈసారి అది మెడ మీది చేతిని నమ్ముకుని నడిచింది. వాగు దూకే అంచున, లోతు మీదకు ఒరిగిన చెట్టు దగ్గర ఆగింది.

చెట్టు కింద పేరయ సాహిణి. గడ్డం పొట్టదాకా, కళ్ళు గుంటల్లోకి.

మైలమ మూతికి గుడ్డ కట్టింది కానీ ప్రాణానికి కట్టలేదు కదా. గుడ్డ లోంచే కేక తన్నుకొచ్చింది.

"నాన్నా!"

పైకొమ్మన ఖాళీ బుర్ర ఒకటి గిర్రున తిరిగి ఆగింది. అంతే. మైలమ మళ్ళీ నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు.

పేరయ ఆ కేక వినలేదు, బుర్ర మింగేసింది. అతను చూసింది బూదిగాడిని. తూలుతూ లేచి, మెడ తడిమి, పుండు మానుతున్న మూపు చూసి, చేతులు జోడించాడు. మీద ఉన్న మూతిగుడ్డ, సగం మీసం మనిషి ఎవరో అతనికి తెలియదు. ఎవరైతేనేం, గుర్రం నమ్మిన మనిషి. ఆమె చెయ్యి అందిస్తే వెనక ఎక్కాడు. గుర్రం తిరిగింది.

"నాన్నా!" అంది బుర్ర. "నాన్నా, నేనిక్కడ! పడిపోతున్నా నాన్నా!"

పేరయ ఉలిక్కిపడి దూకేశాడు. ఆ చెట్టు వైపు, ఆ అంచు వైపు చేతులు చాచి పరుగెత్తాడు. మైలమ గుడ్డ లాగేసింది, మీసం పీకేసింది, జుట్టు విప్పేసింది. ఏం లాభం? అతని వీపు ఇటుంది. మంచు మధ్యలో ఉంది. ఆమె గుండెలు పగిలేలా అరిచింది. కాకి అరిచినట్టే అయింది. పేరయకూ లోతుకూ మధ్య ఇక పదడుగులు. ఐదడుగులు.

బూదిగాడు సకిలించాడు.

అంత పెద్ద గొంతును ఏ బుర్రా ఒక్క గుక్కలో మింగలేకపోయింది, లోయ అంతా దద్దరిల్లింది. పేరయ చటుక్కున వెనక్కు తిరిగాడు. మంచు చీలికలో గుర్రం మీద జుట్టు విరబోసుకున్న తన కూతురు కనబడింది. ఒక కాలు అంచు మీద, ఒక కాలు గాలిలో ఉన్నవాడు నేల మీద కూలబడ్డాడు. మైలమ దూకి వెళ్ళి అతన్ని ఈడ్చుకొచ్చింది. ఇద్దరూ మూగవాళ్ళే, ఒకరి ముఖం ఒకరు తడుముకున్నారు.

గుర్రం మళ్ళీ నోరు తెరిచింది. పళ్ళు కనబడ్డాయి, గొంతు కదిలింది, చప్పుడు లేదు. అది అయోమయంగా మైలమ వైపు చూసింది. ఆమె దాని కంఠం మీద అరచెయ్యి వేసింది. లోపల వణుకు ఒక్కటే తగిలింది.

పైకొమ్మన పెద్ద బుర్ర ఒకటి సకిలించింది. కట్టెలా ఎండిన చెయ్యి ఒకటి మంచులోంచి వచ్చి దాన్ని కోసుకుంది. శుష్కజిహ్వుడు. ఎండిన నాలుక పెదవి మీద వేలాడుతుంటే, ఒక మాట ముసలి గొంతుతో, ఒక మాట పసిగొంతుతో అన్నాడు:

"సాహిణి పిలిస్తే పదకొండు వచ్చాయి. పట్టపు గుర్రమే పిలిస్తే?"

బుర్ర చంకన పెట్టుకుని కాంస్యపురం వైపు నడిచాడు. మంచు కూడా అతని వెంట కదిలింది. అక్కడ నాలుగు వందల గుర్రాలకు ఇంకా రెండో పలుపు వేయలేదు, సూర్యుడు ఇంకా నడినెత్తికి రాలేదు.

మైలమ గుర్రమెక్కి తండ్రిని పైకి లాగింది. మెడ మీద చెయ్యి వేసే లోపే, ఎవరూ పిలవకుండా, ఎవరూ అదిలించకుండా, బూదిగాడు ఆ మంచు వెంట పడ్డాడు.